కట్టె ఎత్తే ముందు చిట్టీ చదవాలె: కుక్కల దగ్గర మనం నేర్చుకునే సంగతులు

  

ఈసారి పోస్టు కుక్కల గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో రూములు, హాస్టళ్లల్లో ఉండి చదువుకునే మేము కొందరం ఈ సంగతి మీద చాలా రోజులుగా మాట్లాడుకుంటున్నాం. మాలో తండాల నుంచి వచ్చినోళ్లు ఉన్నారు, గూడేల నుంచి వచ్చినోళ్లు ఉన్నారు. కుక్క లేని ఇంట్లో పుట్టినోడు మాత్రం మాలో ఒక్కడు లేడు. మక్క చేను కాడ మంచె మీద నాయిన పండుకుంటే మంచె కింద కుక్క పండుకునేది. అడవి పందులు వస్తే మొదట దానికే తెలిసేది. గుడ్డెలుగు దారిల ఉంటే మనకంటే ముందు అదే ఆగిపోయేది. అయితే ఇప్పుడు అదే కుక్క గురించి మన ఊర్లల్లో వేరే మాటలు వినబడుతున్నాయి. భయం ఉంది, కోపం ఉంది, "అన్నిటినీ చంపెయ్యాలె" అన్న మాట కూడా ఉంది. అందుకే ఇది రాస్తున్నాం.

కుక్క నుంచి ఏం నేర్చుకోవాలె అని ఎవర్ని అడిగినా ఒకటే జవాబు వస్తది: విశ్వాసం. జపాన్‌లో హాచికో అనే కుక్క కథ అందరికీ తెలిసిందే. 1925లో యజమాని చనిపోయినా, 1935లో తాను చనిపోయేదాకా షిబుయా రైల్వే స్టేషన్ కాడికి వచ్చి ఎదురు చూసింది. మంచి కథ. కానీ మా మాటల్లో ఒక తమ్ముడు ఇట్లా అన్నడు: "అన్నా, మనోళ్లను సుత అందరూ గిదే మాట అని మెచ్చుకున్నరు గదా. వీళ్లు విశ్వాసం ఉన్నోళ్లు, ఎదురు మాట్లాడరు, చెప్పిన పని చేస్తరు అని. మెచ్చుకున్నోళ్లు ఏమిచ్చిండ్రు?" ఆ మాటకు మేము చాలాసేపు జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న పట్టుకునే ఇదంతా ఆలోచించినం. విశ్వాసం ఒక్కటే కుక్క చెప్పే పాఠం అయితే అది సగం పాఠమే. మిగతా సగం ఏందో మన బంజారా కథల్లోనే ఉంది.

తండా అంటే ఇయ్యాల మనకు ఊరు. ఒకప్పుడు తండా అంటే నడిచే బిడారు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని మన పెద్దలు దేశమంతా తిరిగేవాళ్లు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఉత్తరాదిలో పోతుంటే ఒకే తండాలో 14,000 ఎద్దులు ధాన్యం మోసుకొని పోవడం చూసినట్టు రాసి పెట్టిండు. అంత సరుకు రాత్రిపూట అడవిలో దింపుకొని పండుకుంటే కాపలా ఎవరు? మనుషులు కొందరు, కుక్కలు చాలా. బంజారాలు పెంచిన వేట కుక్కల జాతికి బంజారా హౌండ్ అనే పేరు ఇప్పటికీ ఉంది. ఆ పేరు మిగిలింది గానీ ఆ కుక్కలు చాలా తగ్గిపోయినయి.

ఛత్తీస్‌గఢ్‌లో బాలోద్ జిల్లా ఖప్రీ అనే ఊర్లో కుకుర్‌దేవ్ గుడి ఉంది. ఫణి నాగవంశీ రాజుల కాలంలో, అంటే 14, 15 శతాబ్దాల్లో కట్టిన గుడి అని చెప్తరు. లోపల శివలింగంతో పాటు కుక్క విగ్రహం కూడా ఉంటది. ఆ గుడి గురించి అక్కడివాళ్లు చెప్పుకునే కథలో మనిషి ఒక బంజారా.

కరువు వచ్చింది. బంజారా సాహుకారు దగ్గర అప్పు తీసుకున్నడు. తీర్చే దారి లేక తన కుక్కను కుదువ పెట్టిండు. కొన్నాళ్లకు సాహుకారు ఇంట్లో దొంగలు పడ్డరు. దొంగలు సొమ్ము తీసుకుపోయి దాచిపెట్టిన చోటును కుక్క చూసింది. పొద్దున సాహుకారు పంచె పట్టుకొని గుంజుకుంట ఆ చోటుకు తీసుకుపోయింది. పోయిన సొమ్ము దొరికింది. సాహుకారు సంతోషపడి, "నీ కుక్క నీ అప్పు తీర్చింది, దీన్ని విడిచిపెడుతున్న" అని చిట్టీ రాసి, దాని మెడకు కట్టి పంపించిండు. కుక్క ఉరుక్కుంట మాలికు దగ్గరికి వచ్చింది. బంజారా దూరం నుంచి చూసిండు. అప్పు తీరకముందే తప్పించుకొని వచ్చింది, నా మాట పోయింది, సాహుకారు ముందర నా పరువు తీసింది అనుకున్నడు. చేతిలో ఉన్న కట్టెతో కొట్టిండు. కుక్క చనిపోయింది. అప్పుడు మెడకున్న చిట్టీ కనబడింది. చదివించుకున్నడు. ఏడ్చిండు. దాని గుర్తుగా అక్కడ సమాధి కట్టించిండు.

ఇది నిజంగా జరిగిందా లేదా అన్నది వేరే సంగతి. ఇసొంటి కథలు దేశంలో చాలాచోట్ల చెప్పుకుంటరు. మనకు కావాల్సింది అందులో ఉన్న మనిషి. అతను చెడ్డోడు కాదు. మాట మీద నిలబడేటోడు. అప్పు ఇచ్చినోని ముందర తలదించుకోవద్దు అనుకునేటోడు. కుక్క మీద ప్రేమ ఉన్నోడు. అయినా అతని చేతనే కుక్క చచ్చిపోయింది. అతని తప్పు ఒక్కటే: కట్టె ముందు లేచింది, చిట్టీ తర్వాత కనబడింది.

మనలో చాలామంది ఇంట్లో మొదటి తరం చదువుకున్నోళ్లం. బ్యాంకు నుంచి కాయితం వస్తే యాడి మన చేతికే ఇస్తది. దవాఖాన చిట్టీ మీద ఏం రాసి ఉందో నాయిన మనల్నే అడుగుతడు. పాస్ పుస్తకం, కుల సర్టిఫికెట్, ఫారెస్టోళ్లు ఇచ్చిన నోటీసు, అన్నీ చదివేది మనమే. అంటే ఆ కథలో చిట్టీ చదివే మనిషి జాగాలో ఇప్పుడు మనం ఉన్నాం. కట్టె లేచేలోపల చదవడం మన పని. కాయితం మీద రాసింది ఒక్కటే చదువు కాదు. ఎదుటి ప్రాణి ఎందుకు అట్లా చేస్తుందో చూసుడు కూడా చదువే.

విశ్వాసం సంగతి తీసుకుందాం. జర్మనీలో బాన్-ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో రాళ్ల గనిలో పాత సమాధి దొరికింది. దాదాపు 14,000 ఏండ్ల కిందటిది. అందులో ఒక మగ మనిషి, ఒక ఆడ మనిషి, వాళ్లతో పాటు ఒక కుక్కపిల్ల ఉన్నరు. 2018లో శాస్త్రవేత్తలు ఆ కుక్కపిల్ల పండ్లను పరీక్ష చేసి ఒక సంగతి చెప్పిండ్రు. దానికి డిస్టెంపర్ అనే జబ్బు వచ్చింది. ఇప్పటికీ మన ఊర్లల్లో కుక్కపిల్లలను చంపే జబ్బు అది. మనుషులు దగ్గరుండి చూసుకోకుంటే అది కొద్ది రోజుల్లోనే చావాలె. కానీ వారాల తరబడి బతికింది. అంటే ఎవరో దానికి నీళ్లు తాగించిండ్రు, శుభ్రం చేసిండ్రు, వెచ్చగా పెట్టుకున్నరు. జబ్బు పడ్డ కుక్కపిల్ల వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. ఏ లాభం లేకున్నా చూసుకున్నరు. అప్పటికి వ్యవసాయం లేదు, ఎడ్లు లేవు, మేకలు లేవు. మనిషితో వచ్చి ఉన్న మొదటి జీవి కుక్కనే.

మహాభారతం చివర్ల ధర్మరాజు కథ కూడా ఇదే చెప్తది. స్వర్గం వాకిట్ల ఇంద్రుడు కుక్కను విడిచి రమ్మంటే, నన్ను నమ్మి వచ్చినదాన్ని విడిచి రాను అన్నడు. అక్కడ విశ్వాసం చూపించింది పైన ఉన్నోడు, రాజు. మనకు ఎప్పుడూ కిందున్నోడి విశ్వాసం గురించే చెప్తరు. పైనున్నోడు కిందోడికి చూపించాల్సిన విశ్వాసం గురించి తక్కువ చెప్తరు. మా తమ్ముడు అడిగిన ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇదే. విశ్వాసం రెండు దిక్కుల నడిచే బాట. ఒక దిక్కే నడిస్తే దాని పేరు వెట్టి.

ఇంకో కుక్క కథ చెప్తాం. 1957 నవంబర్ 3న సోవియట్ రష్యా లైకా అనే కుక్కను స్పుత్నిక్-2లో అంతరిక్షానికి పంపింది. భూమి చుట్టూ తిరిగిన మొదటి ప్రాణి అది. లైకా మాస్కో వీధుల్లో తిరిగే ఊర కుక్క. ఇంట్లో పెరిగిన జాతి కుక్కలను ఎందుకు తీసుకోలేదంటే, వీధి కుక్కలు చలికి, ఆకలికి తట్టుకుంటయి గదా అని. ఓర్పు ఉంది కాబట్టి దాన్నే ఎంచుకున్నరు. తిరిగి తెచ్చే ఏర్పాటు మొదటి నుంచే లేదు. పైకి పోయిన కొద్ది గంటల్లోనే వేడికి చనిపోయింది. ఆ నిజం బయటికి చెప్పింది 2002లో.

మనకు ఇది దూరం కథ అనిపించదు. ఎండల పని చేసేటోళ్లు కావాలంటే మనోళ్లనే పిలుస్తరు. ఎండాకాలం సెలవుల్లో చల్‌గల్ మామిడి మార్కెట్‌లో పెట్టెలు మోసిన పిల్లలు మనలో ఉన్నరు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య రాత్రి షిఫ్టు చేసి పొద్దున కాలేజీకి పోయినోళ్లు ఉన్నరు. "వీళ్లు తట్టుకుంటరు" అనే మాట మెచ్చుకోలు లెక్క వినబడతది. తట్టుకునే గుణం మనకు బలమే, కాదనం. కానీ ఎవరన్నా మన ఓర్పును మెచ్చుకుంటే ఒక ప్రశ్న అడగాలె: తిరిగి వచ్చే దారి ఉందా? పనికి పోతే చదువుకు తిరిగి వచ్చే దారి, అప్పు తీసుకుంటే తీర్చే దారి, ఊరు విడిచి పోతే మళ్లీ వచ్చే దారి. అది లేని చోటికి ఓర్పు ఉన్నదని పోవద్దు.

ఇగ కోరుట్ల సంగతి. మనకు దగ్గర్లనే, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. మన పిల్లలు బైపీసీ చదివితే డాక్టర్ సీటు ఒక్కటే కాదు, ఇటు కూడా చూడాలని ఎన్నోసార్లు అనుకున్నాం. పశువైద్యం చదివేటోళ్లు మొదట నేర్చుకునే సంగతి జంతువు నోరు లేకుండా చెప్పేది వినడం. కుక్క కరవకముందు చాలా చెప్తది. ఒళ్లు బిగబడతది. చూపు పక్కకు తిప్పుతది, కండ్ల తెల్లగుడ్డు కనబడతది. చెవులు వెనక్కి పోతయి. పెదవి లేస్తది, గుర్రుమంటది. తోక ఊపుతుంది గదా అని దగ్గరికి పోవద్దు, బిగుసుకున్న ఒంటితో తోక ఊపితే అది సంతోషం కాదు. "మొరిగే కుక్క కరవదు" అని మన సామెత ఉంది గానీ, దాన్ని నమ్ముకొని దగ్గరికి పోతే దెబ్బ తింటం. గుర్రుమన్నదంటే "దూరం ఉండు" అని మర్యాదగా చెప్తున్నట్టే. గుర్రుమన్నప్పుడల్లా కొడితే ఆ కుక్క గుర్రుమనడం మానేస్తది. ఆ తర్వాత ఏ సూచనా లేకుండా కరుస్తది.

ఇది మేము మనుషుల్లో కూడా చూసినం. హాస్టల్‌లో మన పిల్లల్లో కొందరు ఏమీ చెప్పరు. అన్నం బాగలేకున్నా చెప్పరు, ఎవరన్నా కులం పేరు పెట్టి అవమానించినా చెప్పరు, లెక్కలు అర్థం కాకున్నా చేయి ఎత్తరు. ఒకరోజు పెట్టె సర్దుకొని ఇంటికి పోతరు, మళ్లీ రారు. అందరూ "ఏమైంది, మొన్నటిదాకా మంచిగనే ఉండే గదా" అంటరు. మంచిగ లేకుండే. వాళ్లు మొదట్లో ఒకసారి చిన్నగ చెప్పి ఉంటరు, ఎవరో నోరు మూయించి ఉంటరు. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నచ్చనిది మొదట్లోనే చెప్పండి. కోపం పేరుకున్నంక అరిచేకంటే, మొదటి రోజే "ఇది నాకు బాగ లేదు" అనడం నయం. సీనియర్లకు ఒక మాట: చిన్నోడు గుర్రుమంటే నోరు మూయించకండి, అదే మీకు చేరిన చిట్టీ.

ఏకలవ్యుడి కథలో కూడా ఒక కుక్క ఉంది, చాలామంది దాన్ని మరిచిపోతరు. కోనరావుపేట మండలం మర్రిమడ్లలో ఉన్న బడి లాంటి ఏకలవ్య మోడల్ స్కూళ్లన్నిటికీ పెట్టింది ఆయన పేరే. ఏకలవ్యుడు నిషాదుల పిల్లవాడు. అడవిలో ఒంటరిగా విలువిద్య నేర్చుకుంటుంటే పాండవుల వెంట వచ్చిన వేట కుక్క ఆయనను చూసి మొరిగింది. ఎందుకు మొరిగింది? నల్లటి ఒళ్లు, దుమ్ము, జింక తోలు బట్టలు, జడలు కట్టిన వెంట్రుకలు. అది రాజుల ఇంటి కుక్క, అసొంటి మనిషి దానికి కొత్త. ఏకలవ్యుడు ఏడు బాణాలతో దాని నోరు మూసిండు గానీ ప్రాణం తియ్యలేదు. ఆ బాణాలు చూసే కదా అర్జునుడికి ఇతని విద్య తెలిసింది, ఆ తర్వాత బొటనవేలు పోయింది.

టౌన్‌కు మొదటిసారి వచ్చినప్పుడు మన సంచి, మన చెప్పులు, మన మాట యాస చూసి వీధి కుక్కలు మొరిగిన సంగతి మనలో చాలామందికి ఎరుకే. జగిత్యాలలో పెద్ద పెద్ద గేట్ల ముందు నుంచి నడిచినోళ్లకు ఇంకా ఎరుక. కుక్కకు కులం తెలవదు. అది కొత్త వాసనకు, కొత్త నడకకు మొరుగుతది. ఏ మనుషుల నడుమ పెరిగితే వాళ్లకు అలవాటైనోళ్లనే తనోళ్లు అనుకుంటది. కుక్కపిల్ల పుట్టిన మూడో వారం నుంచి మూడు నెలల లోపల ఎవరిని చూస్తే వాళ్లకు భయపడకుండా పెరుగుతది. మనుషుల పిల్లలు కూడా ఇంచుమించు అంతే. టౌన్ పిల్లలు చిన్నప్పుడే మనతో కలిసి బెంచీ మీద కూర్చుంటే పెద్దయినంక మనల్ని చూసి వింతపడరు.

తెలియనోళ్లు దగ్గర కావడం ఎట్ల అన్నదానికి కూడా కుక్కలు జవాబు చెప్పినయి. కలకత్తా దగ్గర ఐసర్ అనే సంస్థలో వీధికుక్కల మీద చాలా పరిశోధనలు చేస్తరు. 2017లో వాళ్లు అచ్చేసిన ఒక పరిశోధనలో, తెలియని మనుషులు కొన్ని కుక్కలకు తిండి పెట్టుకుంట, కొన్నిటి తల నిమురుకుంట రోజుల తరబడి చూసిండ్రు. తిండి పెట్టినోళ్లకంటే తల నిమిరినోళ్లనే అవి ఎక్కువ నమ్మినయి. వీధుల్లో ఆకలితో తిరిగే కుక్క కూడా ముద్దకంటే చేతిని ఎక్కువ నమ్మింది. మన దగ్గరికి ఎలక్షన్ అప్పుడు ముద్దలు పట్టుకొని వచ్చేటోళ్లు చాలామంది ఉంటరు. చెయ్యి ఎవరిదో చూసుకుందాం.

ఇప్పుడు కష్టమైన మాటకు వద్దాం. కుక్కలు మంచియి అని చెప్పి పోస్టు ముగిస్తే అది నిజం కాదు. 2024లో మన సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ మండలంలో ఒక తండాలో ముసలవ్వ వీధి కుక్కల దాడిలో ప్రాణం పోగొట్టుకుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేండ్ల బాబు అట్లనే పోయిండు. ఆ ఇండ్లల్లోని దుఃఖం ముందర కుక్కల గుణాలు చెప్పుకుంట కూర్చోవడం తప్పు. కోపం రావడం న్యాయం. కానీ ఆ కోపం కట్టె పట్టుకున్నప్పుడు ఏం చేస్తదో మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? 1871లో ఇంగ్లీషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చిండ్రు. ఎవడో ఒకడు దొంగతనం చేసిండని కాదు, పుట్టిన కులాన్ని బట్టే జాతి మొత్తాన్ని నేరస్తులు అని రాసిండ్రు. ఆ ముద్ర పడ్డ వాళ్లల్లో ఎరుకలోళ్లు, లంబాడోళ్లు ఉన్నరు. 1952లో గానీ అది రద్దు కాలేదు. పిచ్చికుక్క అని ముద్ర వేసి చంపినట్టు అని మన తెలుగులో ఒక మాట ఉంది. ఆ మాట మన తాతల మీద నడిచింది. అందుకే ఒక కుక్క కరిచిందని ఊర్లో ఉన్న అన్నిటికీ విషం పెడదాం అన్న మాట వచ్చినప్పుడు మనం ఆగి చూడాలె. కుక్కనూ మనిషినీ ఒక్కటి చేసి చెప్పడం లేదు. విచారించకుండా ముద్ర వేసే అలవాటు గురించి చెప్తున్నాం.

పైగా చంపితే సమస్య తీరదు. ఒక వాడలో కుక్కలన్నిటినీ తీసేస్తే, అక్కడ తిండి ఉంటే పక్క ఊరి కుక్కలు వచ్చి చేరతయి. వాటికి టీకా ఉండదు, ఊరోళ్లు తెలవదు. అందుకే 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు ఏం చెప్తున్నయంటే, పట్టుకోవాలె, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యాలె, రేబిస్ టీకా వెయ్యాలె, పట్టిన చోటనే విడవాలె. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే పద్ధతి చెప్పింది, రేబిస్ ఉన్నవాటిని, బాగా మీద పడేవాటిని మాత్రం విడవొద్దు అన్నది. ఎక్కడ పడితే అక్కడ తిండి పెట్టొద్దు, దానికి వేరే చోటు ఉండాలె అని కూడా అన్నది. ఇది చేయాల్సింది మున్సిపాలిటీలు, పంచాయతీలు. అడగాల్సింది మనం. దానికి ముందు చికెన్ దుకాణాల చెత్త ఊరి బయట కుప్ప పొయ్యకుండా చూడాలె. గుంపులు కట్టి తిరిగే కుక్కలు తయారయ్యేది ఆ కుప్పల కాడనే.

ఇగ అన్నిటికంటే ముఖ్యమైంది. "కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అని సామెత. నిజానికి కుక్క కాటుకు సబ్బు, నీళ్లు, సూది. తండాల్లో, గూడేల్లో ఇంకా పసరు పోస్తరు, మంత్రం వేయిస్తరు, కారం, సున్నం పెడతరు. ఖప్రీ గుడి చుట్టూ తిరిగితే కుక్క కాటు భయం పోతదని అక్కడివాళ్ల నమ్మకం. నమ్మకం నమ్మకమే, ఎవరినీ తక్కువ చెయ్యం. కానీ రేబిస్ లక్షణాలు మొదలైతే మనిషి బతకడం దాదాపు లేదు. మొదలు కాకముందు టీకా పడితే ఆపొచ్చు. 1885 జులై 6న పాశ్చర్ అనే శాస్త్రవేత్త కుక్క కరిచిన తొమ్మిదేండ్ల పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా ఇచ్చిండు, ఆ పిల్లవాడు బతికిండు. 140 ఏండ్ల కింద దొరికిన మందు మన తండాకు చేరకుండా ఒక్క ప్రాణం పోయినా అది మన అందరి లోటు.

కాబట్టి ఇది చదివి ఇంట్లో చెప్పండి:

కుక్క కరిచినా, గోరు గీరినా వెంటనే పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలె. గాయం మీద పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ దవాఖానకు పోవాలె, అక్కడ టీకా ఉచితం. జగిత్యాల, సిరిసిల్ల రెండు చోట్ల పెద్ద దవాఖానలు ఉన్నయి. గాయం లోతుగా ఉండి నెత్తురు వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఇవ్వాలె, అడిగి ఇప్పించుకోండి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేస్తరు. గాయం మానింది గదా, కూలి పోతది గదా అని నడుమ మానెయ్యొద్దు. ఆ తేదీలు ఉన్న చిట్టీ ఇంట్లో చదివేది మనమే, గుర్తు చేసేదీ మనమే.

చివరిగా మన గ్రూపుకు ఒక ప్రతిపాదన. ప్రతి ఏడు సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం. ఆ రోజు ఎవరి తండాలో, ఎవరి గూడెంలో వాళ్లు ఇంటింటికీ పోయి ఈ నాలుగు మాటలు లంబాడీలో, గోండిలో, తెలుగులో, ఏ ఇంట్లో ఏ భాష మాట్లాడితే ఆ భాషలో చెప్పొచ్చు. మండల పశువుల దవాఖానకు పోయి మన ఊరి కుక్కలకు టీకాలు వెయ్యమని దరఖాస్తు ఇయ్యొచ్చు. కోరుట్లలో పశువైద్యం చదివే మన అన్నలు, అక్కలు ఉంటే ముందుకు రావాలె. ఎవరి ఊర్లో ఎన్ని కుక్కలు ఉన్నయి, చెత్త కుప్ప ఎక్కడుంది, దగ్గరి దవాఖానలో టీకా ఉందా లేదా, ఈ మూడు సంగతులు కింద రాయండి. మేము ఒక జాబితా తయారు చేసి అందరికీ పంపిస్తాం.

రామ్ రామ్.